మచిలీపట్టణము: దాని జనులు, వర్తకము, స్వభావము

అమరకోశమున నగరమునకు జెప్పబడిన పర్యాయములలో పత్తనము, పుటభేదనము అను రెండు శబ్దములు ప్రక్కప్రక్కనే కానవచ్చును. పుటమనగా మూట, సరకుమూటలు భేదింపబడునట్టి, అనగా విప్పబడునట్టి చోటు పుటభేదనము. ఈ వ్యుత్పత్తి నంగీకరించినచో నగరమునకు గోటగాని గోపురముగాని లక్షణము గాదు. దూరమునుండి వచ్చిన మూట విప్పుటయే లక్షణము. అయితే విప్పబడు మూట మొదట నెచ్చటనో కట్టబడియుండవలెను గదా! కట్టినచోటు లోనాడు, విప్పినచోటు రేవు. ఈ రెంటికిని నడుమ నిలిచి వన్నెకెక్కిన నగరములలో ఆంధ్రతీరమున మచిలీపట్టణము ముఖ్యమైనది.

ఈ పట్టణము సముద్రమువలన బుట్టి సముద్రమువలననే చెడెనని లోకమున నొక వాడుక కలదు. రేవు పూడినదనియు, 1864వ సంవత్సరపు టుప్పెన దాని నంతమొందించినదనియు జెప్పుదురు. ఈ మాట సగము మాత్రమే నిజము. పట్టణచరిత్రను గ్రమముగా బరిశీలించినచో దానిని బెంచినది సముద్రముకంటె లోనాడే యనియు, దానికి గీడు మూడుట లోనాటితోడి యంటు సడలిననాడే మొదలైనదనియు దేటపడును.

ఇబ్రహీం కుతుబుషా

రంగారెడ్డి మండలమునందలి యిబ్రహీంపట్టణమునకు సముద్రము లేదు. అచ్చట గలది పెద్దచెఱువు. ఆ యూరు గోలకొండసుల్తానగు ఇబ్రహీం కుతుబుషా పేర వెలసినది. చెఱువు నాతని కాలమునాటిదే. ఇతడు 1550 మొదలు 1580 వఱకు రాజ్యమేలెను. అంతకుముందు దాదాపు ఏడేండ్లు విజయనగరమున అళియరామరాయల యాశ్రయమున నుండెను. తెలుగుకవు లితనిని మల్కిభరాముడని కొనియాడిరి. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానము నితనికే యంకితమొసగెను.

ఇతని కాలముననే మచిలీపట్టణమునుండి పెగూ, ఆచే మొదలగు తూర్పురేవులకును, అరబ్బుదేశపు రేవులకును ఓడలు విరివిగా బోజొచ్చినవి. లోనాట జెఱువు, తీరమున రేవు: ఇవి రెండును నొక్క పాలనమునకు రెండు ముఖములు. చెఱువు నిండినగాని పైరు లేదు. పైరు పండినగాని పన్ను లేదు. పన్ను వచ్చినగాని రాజధానిలో గొనుగోలు లేదు. గుఱ్ఱమును, పన్నీరును, పట్టును, సుగంధద్రవ్యములను గొనువారు గోలకొండలో నుండుటచేతనే వానిని దెచ్చు నోడలు మచిలీపట్టణమున లంగరు వేసినవి.

నామవిచారము

క్రీస్తుశకము మొదటి శతాబ్దమునాటి గ్రీకుగ్రంథమగు పెరిప్లసునందు మసాలియా యను తీరదేశము పేర్కొనబడినది. అచ్చట సన్నని నూలుబట్టలు మిక్కుటముగా దయారగునని యందు గలదు. రెండవ శతాబ్దమున టాలెమీ మైసోలియా దేశమును, మైసోలస్ నదిని జెప్పెను. అతడు చెప్పిన కొంటకొస్సిల రేవు నేటి ఘంటసాల. నాగార్జునకొండ శాసనములలోని కంటకసేల యిదియే. కావున నేటి పట్టణము నేటిచోట నానాడే యుండెనని చెప్పరాదుగాని, యీ తీరమున బట్టలవర్తకము రెండువేల యేండ్లనాటిదనుట నిశ్చయము.

మచిలీ యనగా హిందూస్థానీలో జేప. ఒక మహామత్స్యముయొక్క కన్నులను బట్టణద్వారమున నమర్చుటచే నీ పేరు గలిగెనని యొక కథ చెప్పుదురు. ఇది లోకవ్యుత్పత్తి. మసాలియా, మైసోలియా శబ్దములు హిందూస్థానీభాష పుట్టుటకు బెక్కు శతాబ్దములకు ముందే గ్రీకుల చెవి సోకినవి. శబ్దసామ్యమాత్రమున వ్యుత్పత్తి సిద్ధింపదు. పూర్వనామమే క్రొత్తవారి నోట దమకర్థమగు మాటగా మాఱుట భాషలయందు దఱచుగా గానవచ్చు ధర్మము. ఇచ్చటను నట్లే జరిగియుండుట సంభావ్యము.

బందరు పారసీకశబ్దము, రేవని యర్థము. తెలుగువారు మచిలీబందరనియు, తుదకు బందరని మాత్రమును వాడుచున్నారు. రేవు అను సామాన్యవాచక మొక్క యూరికి సంజ్ఞయగుట యొకనాడా యూరికి గల ప్రాధాన్యమునకు సాక్ష్యము. తెలుగుదేశమున నెన్ని రేవులున్నను బందరన్నచో నిదియే స్ఫురించును.

పట్టణములోని పేటల పేర్లు మఱియు విశేషమైనవి. ఇంగ్లీషుపాలెమున నింగ్లీషువారును, వలందపాలెమున నొలందులును, పరాసుపేటలో ఫ్రాన్సుదేశీయులును గుర్తునకు వత్తురు. హాలండువాడు వలందుడును, ఫ్రెంచివాడు పరాసును నయి, యా పరదేశనామములు పాలెము, పేట యను దేశ్యపదములతో సమసించినవి. ఆ జాతులు వచ్చినవి, కలహించినవి, పోయినవి. వారి కోటలు శిథిలమైనవి. తెలుగు వారికిచ్చిన పేర్లు మాత్రము తపాలా చిరునామాలలో నేటికిని నిలిచియున్నవి.

రేవుయొక్క స్థితి

కాకతీయుల కాలమున నీ తీరమున బ్రసిద్ధి కెక్కిన రేవు మోటుపల్లి. గణపతిదేవుడు 1244 ప్రాంతమున నచ్చట నభయశాసనము వేయించి, గాలివానకు జిక్కి యొడ్డునబడిన యోడల సొత్తును రాజులు హరించు నాచారమును మాన్పి, 30 పాళ్లలో 1 పాలు సుంకము మాత్రమే గొనునట్లు నియమించెను. నీటి లోతుకంటె రాజుయొక్క మాట రేవునకు ముఖ్యమని యీ శాసనమే చాటుచున్నది.

మచిలీపట్టణపు రేవు సహజముగా మంచిదికాదు. తీరము పల్లము, అడుగు బురద. పెద్దయోడలు ఒడ్డునకు సుమారు 5 మైళ్ల దూరమున నిలువవలసియుండెను. సరకంతయు బడవలకెక్కించి యుప్పుటేటి వెంబడి పట్టణమునకు జేర్పవలెను. 1618 మొదలు 1622 వఱకు నిచ్చట నున్న విలియం మెథ్వోల్డను నింగ్లీషువర్తకుడు పట్టణము చిన్నదయ్యు జనులతో గిటకిటలాడుచున్నదనియు, ప్రాకారము లేదనియు, బావులనీరు ఉప్పనియు, పోటునాడు చుట్టుప్రక్కల నేలలు మునుగుచుండుననియు వ్రాసెను. 1652లో నిచ్చట దిగిన ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే మాత్రము, ఇండ్లు కఱ్ఱవియే యైనను, బంగాళాఖాతమున నింతకు మించిన లంగరుచోటు లేదని మెచ్చుకొనెను. ఈ రెండు మాటలును బరస్పరవిరుద్ధములు గావు. దూరమున నోడ నిలుచుటకు నెమ్మదియైన నీరున్నది. దరిని మనుష్యుడు నిలుచుటకు దగిన నేల లేదు. ఐనను మనుష్యులు నిలిచిరి. అట్లు నిలుచుటకు హేతువు లోనాడు.

గోలకొండ త్రోవ

గోలకొండనుండి మచిలీపట్టణమునకు దిన్ననిదారి 100 క్రోశములని టావెర్నియే లెక్క. ఈ త్రోవన ఎడ్లపెరికెలును, బండ్లును, పల్లకీలును నడచుచుండెను. రంగారెడ్డి మండలములోని హయత్‌నగరమున హయాత్ బక్షీ బేగము కట్టించిన మసీదును, బాటసారుల సత్రమును నీ త్రోవయొక్క ప్రాశస్త్యమును దెలుపుచున్నవి. రాజధాని విడిచినవాని కిది తొలిమజిలీలలో నొకటి.

త్రోవన దిగివచ్చినవి నూలుబట్టలు, ఉక్కు, నీలిమందు, పొగాకు, కృష్ణాతీరమునందలి కొల్లూరు గనుల వజ్రములు. ఎక్కిపోయినవి పారసీకపు గుఱ్ఱములు, పట్టు, పన్నీరు, మొలక్కాదీవుల లవంగములు, జాజికాయలు, పెగూ కెంపులు, బంగారము, మలయదేశపు తగరము. గోలకొండసుల్తానుల సొంతయోడలు యాత్రికులను, బియ్యమును గొని యెఱ్ఱసముద్రమునకు బోవుచుండెను.

రేవు పాలన మంతయు మంచిదని చెప్పరాదు. పన్నులు వసూలుచేయు నధికారమును వేలమున నెక్కుడు సొమ్ము పాడినవానికి గుత్తకిచ్చుచుండిరి. గుత్త కొన్నవాడు తన సొమ్ము రాబట్టుకొనుటకు వర్తకులను, నేతవాండ్రను బీడించుటయు గలదు. ఈ పీడనమునకు దాళలేకయే యింగ్లీషువారు 1628లో నిచ్చటి వ్యాపారమును దక్షిణమున నెల్లూరిసీమలోని దుగరాజపట్టణమునకు దరలించిరి. కాని బట్టలు దొరకుచోటు వదలి వారు చిరకాల ముండజాలక మరల వచ్చిరి. 1632లో అబ్దుల్లా కుతుబుషా వారికి సువర్ణఫర్మానా ననుగ్రహించి, యేటికి 500 వరహాలు చెల్లించి రాజ్యములోని రేవులలో వర్తకము చేసికొన ననుమతించెను.

ఒలందు లింతకుముందే 1605లో నిచ్చట వర్తకశాల స్థాపించిరి. ఇంగ్లీషువారు 1611లో వచ్చిరి, ఫ్రెంచివారు 1669లో. ఒలందుల రాకకు గారణము చిత్రమైనది. వారికి గావలసినది జావా మిరియము, మొలక్కా లవంగము. అచ్చటి జను లా ద్రవ్యములకు మాఱుగా వెండికంటె గృష్ణాగోదావరీసీమల బట్టలనే కోరుచుండిరి. కావున తూర్పుదీవులలో మసాలా కొనదలచినవాడు ముందు బందరునకు వచ్చి బట్ట కొనవలసియుండెను. పాలకొల్లు, పెడన సీమల సాలెవాని మగ్గము ఆమ్‌స్టర్‌డామ్ వర్తకుని లెక్కపుస్తకమున నీ విధముగా జేరినది.

జనులు

పట్టణమున నొక్క జాతి జనులు గారు. సముద్రముతో సంబంధముగలవారు పల్లెకారులు. కెరటముల దెబ్బకు విఱుగకుండుటకై మేకులు లేక పలకలను నారత్రాటితో గుట్టిన మసూలాపడవలలో సరకు దింపుట యీ తీరమునందలి పడవవారి నేర్పు. కోమట్లును బలిజలును బేరగాండ్రయి నేతపల్లెలలో ముందుసొమ్మిచ్చి బట్ట కుదుర్చుచుండిరి. ముందుసొమ్ము లేనిది సాలెవాడు నూలు కొనజాలడు. బేరగాడు లేనిది పరదేశివర్తకునకు సాలెవాని వాకిలి తెలియదు. కావున నీ వర్తకమంతయు నమ్మకముమీద నడచినది.

పారసీకులు, అరబ్బులు, ఆర్మీనియనులు నోడల యజమానులుగను, వజ్రవర్తకులుగను నుండిరి. పారసీకములోని అర్దిస్తానునుండి వచ్చిన మహమ్మదు సయ్యదు వజ్రవ్యాపారమున ధనమార్జించి, 1630ల దశకమున నీ రేవున కధికారియై, తరువాత మీర్‌జుమ్లా యను పేర గోలకొండకు మంత్రియై, తుదకు మొగలాయీల పక్షము జేరి, 1663లో బంగాళమునకు సుబేదారుగా మృతినొందెను. ఒక రేవున నధికారియైనవాడు సామ్రాజ్యముల భాగ్యములను దారుమాఱు చేయగలుగుట యా కాలమున బందరుయొక్క బలము నెఱిగించును.

బందరుకోటయందు బదునేడవ శతాబ్దమునాటి యొలందుల గోరీలు నేటికిని గలవు. రాళ్లమీద వంశచిహ్నములు చెక్కబడియున్నవి. లాభమునకై వచ్చి, యీ యుప్పునేలలో దేహము విడిచినవారి గుర్తులవి.

అద్దకము

బందరు పేరు దేశాంతరముల నిలిపినది కలంకారీ అద్దకము. కలమనగా లేఖిని, కారీ యనగా పని. రెండును బారసీకమునుండి వచ్చినవి. బందరుసీమలో గలముతోపాటు చెక్కిన టేకుకఱ్ఱ అచ్చులును వాడుకలోనుండి, క్రమముగా నచ్చులే ప్రధానమైనవి.

ఈ పని కంటికి గానవచ్చునంత సులభము గాదు. గుడ్డను ముందుగా నుదికి, కరక్కాయరసమును గేదెపాలును గలిపినదానిలో దడిపి యారవేయుదురు. కరక్కాయ రంగు పట్టించును. పాలలోని క్రొవ్వు రంగును బ్రక్కకు బ్రాకనీయదు. త్రుప్పుపట్టిన యినుమును బెల్లపునీటిలో బులియబెట్టినది నల్లరంగునకు. పటికనీటితో నచ్చు వేసినచోట మొదట నే రంగును గానరాదు. ఆ గుడ్డను జిరివేరుతో నుడికించినప్పుడు పటిక తగిలినంతమేర మాత్రమే యెఱ్ఱనగును. నిజాంపట్టణ ప్రాంతపు టిసుకదిబ్బలలో బెరిగిన చిరివేరు శ్రేష్ఠమని వాడుక. నీలము కావలసినచోటు విడిచి తక్కిన గుడ్డనంతయు మైనముతో గప్పి నీలితొట్టిలో ముంచుదురు. ప్రతి దశకును నడుమ బాఱునీట జాడించి యెండవేయవలెను. ఉదుకగా ఉదుకగా బట్ట చినుగునేగాని రంగు వెలియదని దీనికి బేరు.

రంగు తెలుగునేలది, తీవలు, సరువుచెట్లు, తోరణములు పారసీకపువి. కొనువాని యభిరుచిని దెలిసికొని, తన నేర్పు విడువక, వానికి దగినట్లు పనిచేసియిచ్చుట బందరు పనివాని స్వభావము. ఈ స్వభావమే పట్టణస్వభావము కూడ.

క్షీణదశ

ఇక క్షీణమెప్పుడు మొదలైనదో విచారింపదగును. 1639లో నింగ్లీషువారు చెన్నపట్టణమున స్థలము సంపాదించి, 1641లో దమ ముఖ్యస్థానమును మచిలీపట్టణమునుండి యచ్చటికి మార్చిరి. 1687లో ఔరంగజేబు గోలకొండను బట్టుకొనెను, సుల్తాను చెఱపడెను, రాజధానిలోని కొనుగోలుదార్లు చెదరిరి. త్రోవకొన నున్న కొలువు పోగా దారి మిగిలెనుగాని దాని ప్రాణము పోయినది. పదునెనిమిదవ శతాబ్దమున బట్టణము వర్తకులకంటె సేనాపతులకు లక్ష్యమైనది. 1750లో ఫ్రెంచివారు పట్టణము నాక్రమించిరి. 1759 ఏప్రిలున కర్నలు ఫోర్డు రాత్రివేళ గోటపై బడి గెలిచెను. 1766 సంధివలన నుత్తరసర్కారు లింగ్లీషుకుంపిణీకి జిక్కినవి. తరువాతి శతాబ్దమున ఇంగ్లండు యంత్రపుబట్ట వచ్చి, నేతవాని కూడు దీసినది.

ఉప్పెన వచ్చినది 1864 నవంబరు 1వ తేదీ రాత్రి. సముద్రము మామూలు పోటుకంటె 13 అడుగు లెత్తుగా లేచి పట్టణమును ముంచెను. పట్టణమునను బరిసరగ్రామములను గలిసి సుమారు 30,000 మంది మృతినొందిరి. ఆ దుఃఖమును దక్కువచేసి చెప్పుట యెవ్వరికిని దగదు. కాని గోలకొండ పడిన 1687కును, ఉప్పెన వచ్చిన 1864కును నడుమ 177 ఏండ్లు గడచినవి. రేవుయొక్క ప్రథమస్థాన మంతకుముందే పోయినది. ఉప్పెన నరులను జంపినది; వర్తకమును జంపినది గాదు.

పైగా నా నడుమనే లోనాడు మఱియొక తీరుగా బట్టణమును గాచినది. 1855లో బెజవాడకడ గృష్ణపై నానకట్ట పూర్తియయ్యెను. కాలువలవలన దీరమునకు మంచినీరు వచ్చినది, వరిపంట పెరిగినది, పడవలు లోనాటినుండి బందరువఱకు నడచినవి. తరువాత 1890ల దశకమున చెన్నపట్టణమునుండి కలకత్తాకు బోవు నినుపదారి బెజవాడమీదుగా బడుటచే మూటలు విప్పుపని యా యూరికి మాఱినది. బందరునకు శాఖాదారి 1908లో గాని రాలేదు. ఉప్పెనకుబోలె దీని కెవ్వరును గన్నీరు విడువలేదుగాని, నష్టము తక్కువది గాదు.

విద్యాపత్తనము

ఓడలు తగ్గిన పట్టణము మఱియొక పని కలవాటుపడినది. రాబర్టు నోబిలు 1843లో స్థాపించిన పాఠశాల తరువాత నోబిలు కళాశాలయయ్యెను. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి యిచ్చటి హిందూ ఉన్నతపాఠశాలలో దెలుగు బోధించెను. విశ్వనాథ సత్యనారాయణ యాతని శిష్యులలో నొకడు. 1902లో గృష్ణాపత్రిక వెలువడెను. 1907 మొదలు 1945లో మృతినొందువఱకు ముట్నూరి కృష్ణారావు దానికి సంపాదకుడు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి, భోగరాజు పట్టాభిసీతారామయ్య గార్లు 1910లో నాంధ్రజాతీయకళాశాలను నెలకొల్పిరి. అందు బుస్తకవిద్యతోపాటు చేతిపనియు జిత్రలేఖనమును నేర్పబడినవి.

1923లో బట్టాభిసీతారామయ్య ఆంధ్రా బ్యాంకును స్థాపించెను. సాలెవానికి ముందుసొమ్మిచ్చి, నమ్మకముపై వ్యాపారము నడపిన పట్టణమున నిట్టి సంస్థ పుట్టుట యాకస్మికము గాదు. 2020లో నది యూనియన్ బ్యాంకులో విలీనమై, 97 ఏండ్ల పేరు చరిత్రలో గలిసినది.

వర్తమానము

2011 జనగణన ననుసరించి పట్టణజనసంఖ్య సుమారు 1,70,000. 1901లో నది దాదాపు 40,000. 2008లో గృష్ణా విశ్వవిద్యాలయ మిచ్చట నెలకొన్నది. 2015లో బురపాలకసంఘము నగరపాలకసంస్థయైనది. 2022లో గృష్ణామండలము రెండుగా విభజింపబడినను మండలకేంద్రమిదియే. గిలకలదిండికడ జేపలపడవలు నిలుచును. చిలకలపూడిలో రాగిపై బంగారుపూత నగలు చేయుదురు. ఆ పని వేలకొలది కుటుంబములకు గూడు పెట్టుచున్నది. పెడనలో నద్దకము సాగుచున్నది. బందరులడ్డు పేరు తెలుగువారిలో వినని వాడుండడు. మహాధనమునుగాని మహాదారిద్ర్యమునుగాని పైకి జూపక, చేతిపనితోను జదువుతోను జీవించు మధ్యమనగరమిది.

2023 మే నెలలో మంగినపూడి ప్రాంతమున నూతన నౌకాశ్రయనిర్మాణ మారంభింపబడినది. లోతు త్రవ్వుట, కెరటములకడ్డు గట్టుట నేటి శిల్పశాస్త్రమునకు సాధ్యమే. కాని పూర్వచరిత్ర చెప్పు మాట వేఱు. లోతులేని రేవు రెండు శతాబ్దములు రాజ్యమునంతటిని బోషించినది. ఏలయన లోనాట జెఱువులు నిండియుండెను, మగ్గము లాడుచుండెను, త్రోవ తెఱచియుండెను. ఆ మూడింటిలో నొక్కటి తెగినప్పుడెల్ల రేవు కుంగినది.

ఆ ప్రాతత్రోవ నేడు 65వ సంఖ్య జాతీయరహదారి. అది హయత్‌నగరముమీదుగా, బెజవాడ దాటి, మచిలీపట్టణమున ముగియును. 2014లో రాష్ట్రము రెండైనను, కొనలు రెండు రాష్ట్రములయం దున్నను, దారి యొక్కటియే. క్రొత్తరేవున దించిన మూట యీ దారిన నెచ్చటికి బోవును, ఈ దారిన నే పల్లె చేతిపని రేవునకు దిగివచ్చును అను రెండు ప్రశ్నలకు సమాధానము దొరకిననాడే మచిలీపట్టణము మరల పుటభేదన మనిపించుకొనును. అంతవఱకు గట్టబడునది నౌకాశ్రయమేగాని పత్తనము గాదు.